టీచరమ్మ సున్నం వేయించని గోడ

మా వీధి టీచరమ్మ కన్నుమూశారు. దినం కూడా అయిపోయింది. ఊపిరితిత్తులు చెడిపోయాయి, వయసు కదా, సహజమే అంటున్నారు అందరూ. నేను ఒప్పుకోను. ఆమె పడుకునే గది గోడ ఏడాదిలో సగం కాలం తడిసే ఉంటుంది. గోడ అవతల గట్టు, గట్టు దిగితే వరిమడి. ఇందులో సహజమేముంది?

తెక్కలకోటలో మా వీధి వెనక ఒకప్పుడు జొన్నచేను ఉండేది. కాలువ నీళ్లు అందాక దాని రైతు వరిమడి చేసుకున్నాడు. చేసుకోనీ, ఎవరు వద్దన్నారు? కానీ మడిని ఇళ్ల దాకా జరిపి, మనుషులు నడిచే గట్టు మాత్రం మిగిల్చాడు. నల్లరేగడి నేల తాగిన నీటిని వదలదు. కాలువకు నీళ్లు వదలగానే మా గోడలకు బయటినుంచి చెమ్మ ఎక్కడం మొదలు. మేమంతా సిమెంటు పూశాం, రంగులు వేశాం, పెచ్చులూడితే తిట్టుకుంటూ మళ్లీ పూశాం.

టీచరమ్మ పూయలేదు. ఉగాదికి ఇల్లంతా సున్నం కొట్టించి ఆ గోడ ఒక్కటే వదిలేసేవారు. చెమ్మ ఎంతవరకు ఎక్కిందో ఏటా దాని అంచు వెంట సుద్దముక్కతో గీత గీసేవారు. బడి నుంచి రిటైరైనా కొంగు చివర సుద్దముక్క ముడేసుకునే అలవాటు పోలేదు. కిందటేటి గీత కిటికీ దాటింది.

"ఏంటికమ్మా అట్ల వదిలేస్తావు, చూసేకి అసయ్యంగా ఉండాది" అనేది ఎదురింటామె.

"ఉండనీ లేమ్మా. సున్నమేస్తే చెమ్మ పోతాదా? దాంకుంటాది, అంతే."

నేనూ ఆమె దగ్గరే చదువుకున్నాను. తరగతిలో తప్పు జవాబు చెప్పినా కొట్టేవారు కాదు. "తప్పైనా పర్వాల్యా, ఎందుకట్ల అనుకున్యావో చెప్పు" అనేవారు. ఈనాడు నేను నలుగురిలో నోరెత్తి వాదిస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే.

మడి రైతు కూడా ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాడే. ఆమె అతన్ని అడిగింది ఒకటే: ఊటనీరు పోయేలా గట్టు వెంబడి మోకాలిలోతు పిల్లకాలవ. కాస్త మడి పోతుంది. "ఈ పంట కోసినాక తీపిస్తా టీచరమ్మా" అనేవాడు, ప్రతి పంటకూ. దుర్మార్గుడేం కాదు, అదే నా బాధ. ఆయాసం ముదిరినప్పుడు ఆమెను బళ్లారి ఆసుపత్రికి తన కారులోనే పంపాడు. కారు పంపినవాడు పిల్లకాలవ ఎందుకు తవ్వించలేదని అడిగితే, నాకు కృతజ్ఞత లేదంటారు ఊళ్లో. హక్కుగా రావలసింది ఎగ్గొట్టి దయగా ఇంకేదో ఇస్తే దండం పెట్టాలా?

అర్జీ పెడదామని ఎన్నోసార్లు అన్నాను. టీచరమ్మ నవ్వేవారు. "నీకు యాడ జూసినా జగళమే, కొట్లాటే కదప్పా. ఆఫీసోళ్లు చెప్తే తవ్వేది ఏం తవ్వడం? వానికి నేను చదువు చెప్పినా. వానికే తోచాల."

ఆ మాటతో నేను ఏనాడూ ఏకీభవించలేదు. ఇప్పుడూ ఏకీభవించను.

ఆఖరి రోజుల్లో ఒక పొద్దున మంచం మీది నుంచే కిటికీ వైపు తల తిప్పారు. "బయట పార చప్పుడు ఇనిపిస్తాంది. వాడేనా?"

"గట్టు చెక్కుతాండారు టీచరమ్మా. మడికి నీళ్లు పెట్టేకి."

"అట్లనా" అని ఇటు తిరిగి పడుకున్నారు.

దినానికి ఇల్లు తెల్లగా ఉండాలని చుట్టాలు సున్నం కొట్టించారు. ఆ గోడ వదిలేయండని పోట్లాడాను. "చావు జరిగిన ఇల్లప్పా, ఒక గోడ ఇడిసిపెట్టి ఎట్ల కొట్టేది?" అంది ఆమె చెల్లెలు, ఏడుస్తూ. గీతలన్నీ సున్నం కిందికి పోయాయి.

దినం రోజు రైతు వచ్చాడు. ఇంటిముందు జనం ఎక్కువై, వెనక గట్టు మీద గోడనీడన కుర్చీలు వేశారు. బూడిదరంగు చొక్కాతో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "టీచరమ్మ నాకు తల్లి మాదిరి" అంటూ నిజంగానే ఏడ్చాడు. కాసేపటికి లేచి గట్టు వెంబడి నడిచాడు. అతను ఆనిన చోట ఆరని సున్నం లేచిపోయి చెమ్మ బయటపడింది. అతని వీపు మీద పెద్ద తడి మరక, దాని అంచు వెంట తెల్లటి గీత.

ఎవరూ చెప్పలేదు. నేనూ పిలవలేదు. బడిలో ఎవరి వీపుకైనా సుద్దపొడి అంటితే టీచరమ్మ వెనక్కి పిలిచి, కొంగుతో దులిపి పంపేవారు.

మడి మలుపు తిరిగేదాకా ఆ మరక కనిపిస్తూనే ఉంది.