సమ్మె దినాల్ల అన్న ట్రాక్టరు

నేను భూపాలపల్లి బొగ్గుబాయిల ఎలక్ట్రీషియన్ను. ప్రత్యేక రాష్ట్రం కోసం అందరు పని బందువెట్టిన యేడు మా బాయి గూడ ఆగింది. పొద్దుగాల డ్యూటీకి పోవుడు బదులు గేటు కాడ టెంటు కింద కూసునేటోళ్లం. బొగ్గు పైకి రాకపోతే కరెంటు తయారుగాదు, అప్పుడు ఢిల్లీకి మన మాట ఇనవడ్తదని టెంటుల చెప్పిండ్రు. నేను గూడ చప్పట్లు కొట్టిన. మొదాలు ఎవల కరెంటు పోతదో మాత్రం ఆలోచన చెయ్యలే.

ఘనపూర్ దగ్గర మా ఊర్ల అన్న ఎవుసం చేస్తడు. ఒకనాడు వదిన ఫోన్ జేసింది.

"తమ్మీ, కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెల్వదు. బాయి మోటరు నడుస్తలేదు. వరి పొట్టకొచ్చింది. మీ అన్న ట్రాక్టరుకు పంపు కట్టి వాగు నీళ్లు వెడ్తుండె, ఇప్పుడు ఆ ట్రాక్టరు గూడ చాలు అయితలేదు. నువ్వు ఖాళీగనే ఉన్నవు గద, జర వచ్చిపో."

ఖాళీగనే ఉన్నవు గద అన్న మాట వదిన మామూలుగనే అన్నది. నాకే గుచ్చుకున్నది.

నేను పోయేసరికి ట్రాక్టరు వాగు ఒడ్డున మెత్తటి నేల మీద నిలవడి ఉన్నది. బ్యాటరీ పడిపోయి, చాబి తిప్పితే సెల్ఫ్ టక్కుమని ఊకుంటున్నది. అక్కడ నూకుదామంటే కుదరదు. ఎడ్లను కట్టి బాట మీదికి గుంజాలె, అక్కన్నుంచి అందరు కలిసి నూకాలె. ఆ ఎడ్లు పక్క పొలమాయినవి. మాకు వరుసకు కాక, అంటే చిన్నాయిన అయితడు. తన పొలం ఎండుతున్నా పిలవంగనే ఎడ్లు తోలుకొచ్చిండు.

ట్రాక్టరు చాలు అయినంక కాక నా పక్కకొచ్చి నిలవడ్డడు.

"బిడ్డా, నువ్వు బొగ్గుబాయిల చేస్తవు గద. జర రెండు దినాలు బాయిల దిగుమని మీ వాళ్లకు చెప్పరాదు. వరి గట్టెక్కినంక మల్ల బందు వెట్టుకుండ్రి."

కోపంగ అనలే. అడిగిండు, అంతే. నేను నోరు తెరిచేలోపల అన్న అందుకున్నడు.

"వాడొక్కని చేతుల ఉన్నదా కాక."

నేను పానా తీస్కొని బ్యాటరీ కాడికి పోయిన.

మొదాలు తప్పు బ్యాటరీదే అనుకున్న. ఊర్ల చార్జింగ్ పెడ్దామంటే కరెంటు లేదు. మోటర్ సైకిల్ వెనుక కట్టుకొని భూపాలపల్లి మా క్వార్టర్‌కు తెచ్చిన. మా కాలనీల కరెంటు మంచిగనే ఉన్నది. పక్కింట్ల టీవీ నడుస్తున్నది, మా ఇంట్ల ఫ్యాను తిరుగుతున్నది. బొగ్గు ఆపినోళ్లం మేము, చీకట్ల కూసున్నది మా అన్నోళ్లు. చార్జరు తగిలించి అన్నం ముందు కూసున్న గని సగంల లేచిన. మా ఆమె "పానం మంచిగ లేదా" అనడిగింది. బ్యాటరీ వాసన పడ్తలేదని చెప్పిన.

ఆ బ్యాటరీ బిగిస్తే ట్రాక్టరు ఒక్క ఊపున చాలు అయింది. వదిన నవ్వింది. గని రాత్రంత లైట్లేసి నడిపి, పొద్దుగాల డీజిల్ పోసెతందుకు ఇంజన్ ఆపితే మల్ల లేవలే. మల్ల కాక ఎడ్లు, మల్ల నూకుడు. ఇంజన్ నడుస్తుండంగ బ్యాటరీకి మీటర్ పెట్టి చూసిన. పద్నాలుగు వోల్టుల దాంక ఎక్కాలె. పన్నెండు గూడ నిలుస్తలేదు. అంటే తప్పు బ్యాటరీది గాదు, డైనమాది. ఆల్టర్నేటర్‌ను మా దిక్కు అట్లనే అంటరు.

బెల్టు చూసిన, బిగువుగనే ఉన్నది. బ్యాటరీ మీది పచ్చ చిలుము గీకిన. వైర్లు గుంజి చూసిన. డైనమా ఇప్పి లోపలి కార్బన్లు చూసిన, అరగలే. ఇంక ఘనపూర్‌ల దుకాణానికి తీస్కపోయిన. షట్టర్ వేసి ఉన్నది. మెకానిక్ టెంటుల కూసున్నడని చెప్పిండ్రు. టెంటుల కూసున్న మనిషిని లేపి నా పని చేయించుకునే మొఖం నాకు లేకుండె. డైనమా సంచిల ఏసుకొని వాపసొచ్చిన.

మల్ల బిగించుకుంట ఉంటే అన్న పక్కకు కూసోని బీడి ముట్టించిండు. నా మొఖం చూసి ఏదో ఒకటి మాట్లాడాలని మాట్లాడ్తుండు.

"మొదాలు చాబి తిప్పితే ఎర్రలైటు వెలుగుతుండె తమ్మీ. ఇంజన్ చాలు అయితే ఆరుతుండె. కొన్ని దినాల సంది వెలుగుతనే లేదు. పాడువడ్డదేదో దానంతట అదే మంచిగయిందనుకున్న."

నా చేతుల పానా ఆగింది. ఆ లైటు గుండ పోయే జరంత కరెంటు తోటే డైనమాకు మెలకువ వస్తది. బలుబు మాడితే డైనమా ఊకెనే తిరుగుతది, చార్జింగ్ రాదు. డ్యాష్‌బోర్డు ఇప్పి చూస్తే బలుబు నల్లగ మాడి ఉన్నది. కొత్తది కొందామంటే దుకాణాలు బందు. డ్యాష్‌బోర్డు మీటర్ల వెలిగే బలుబు అసొంటిదే, దాన్ని పీకి ఇందుల పెట్టిన. చాబి తిప్పితే ఎర్రగ వెలిగింది. కాక ఎడ్లతోటి ఇంకోపారి గుంజి నూకినంక ఇంజన్ లేచింది, లైటు ఆరింది. నా మీటర్‌ల సూది పద్నాలుగు దాంక పోయింది.

నీళ్లు కాలువల వడ్డయి. వదిన గెట్టు మీద నిలవడి నీళ్ల ఎంబడే నడిచింది. అన్న నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు రాకపోతె ఇది గూడ పోతుండె" అన్నడు. కింది మడి దక్కింది గని మీది మడి అప్పటికే ఎండి తెల్లవడ్డది.

కాక పొలం అన్న పొలానికి అవుతలి దిక్కు, వాగుకు దూరం. అన్న పొలం తడిసినంక ట్రాక్టరు అటు మలిపినం. పైపు అందలే. ఇంకో పైపు కోసం ఇండ్లిండ్లు తిరిగిన, ఎవలది వాళ్లకే చాలుతలేదు. కాక వారం ఆగి చూసి, వరి గింజ పట్టదని పచ్చిగనే కోసి ఎడ్లకు మేతేసిండు. ఆ నాడు నేను గూడ కొడవలి వట్టుకొని మడిల దిగిన. కాక వద్దనలే. ఇద్దరం పొద్దుగూకెదాంక కోసినం.

సమ్మె అయిపోయింది. రాష్ట్రం ఇచ్చినమని ఎవలు చెప్పలే. మేము బాయిల దిగినం, కరెంటొచ్చింది.

చలికాలం ఒకనాడు ఊరికి పోతుంటె ఘనపూర్ బస్టాండ్ల కాక, ఆయన భార్య మా చిన్నవ్వ కనవడ్డరు. పక్కకు బియ్యం మూట, గిన్నెలు, చెద్దర్లు. ఖమ్మం దిక్కు మిర్చి ఏరబోతున్నమని చిన్నవ్వ చెప్పింది. అంతకు ముందు వాళ్లు ఎన్నడూ కూలికి ఊరు దాటలే. మూట బస్సు మీదికి నేనే ఎత్తిన. కిందికి దిగినంక కాక అడిగిండు.

"బిడ్డా, మరి గెలిచినట్టేనా మనం?"

"ఇంక కాలే కాక."

"ఐతదిలే" అన్నడు. చిన్నవ్వను ముందల ఎక్కించి, తను ఎనుక ఎక్కిండు. బస్సు మలుపు తిరిగేదాంక అక్కడనే నిలవడ్డ. ఊరికి పోబుద్ధిగాలే. ఆ పూట భూపాలపల్లికే వాపస్ పోయి డ్యూటీల దిగిన.