బొట్టు పెట్టిన క్యూఆర్ కోడు

ఇప్పుడంటే మా అనకాపల్లిలో పూలమ్మే మనిషి బుట్టకూ, కొబ్బరిబొండాల బండికీ, మా చర్చి కానుకల పెట్టెకూ కూడా ఆ నల్లగళ్ళ బొమ్మ అంటించి ఉంటోంది. 2019లో ఇంతగా లేదు. మా వీధిలో అప్పలకొండమ్మ వదిన ఇడ్లీ బండికి అది వచ్చిన రోజు పండగలా జరిగింది. గొడవంతా ఆ పండగ వల్లే వచ్చింది.

వదిన నాకు చుట్టం కాదు. ఆమెది బుచ్చయ్యపేట వైపు పల్లె. పదేళ్ళు పక్కపక్క వాటాల్లో ఉన్నాక వరసలు వాటంతటవే కుదిరిపోయాయి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. వస్తువులతో కూడా మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. గ్యాస్ పొయ్యి వెలగకపోతే "నీకేటైందే ఇయాల" అని అడిగి, జవాబు కోసం కాసేపు ఆగుతుంది. కొత్త వస్తువు ఏది వచ్చినా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టకుండా వాడదు. ఇడ్లీ పాత్రకు బొట్లు, గ్రైండరుకు బొట్లు, ప్లాస్టిక్ కుర్చీలకు బొట్లు. ఆ కుర్చీల్లో కూర్చుని లేచినవాళ్ళ ప్యాంట్లకు వెనకాల బొట్లు. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఏమనుకునేవారో మరి.

ఆమె భర్త సత్తియ్య బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసి మోసి, నడుం పట్టేసి మంచాన ఉన్నాడు. ఇల్లు గడిచేది బండి మీద, బండి నడిచేది ఒక్క బస్సు మీద. పొద్దున్న ఆరున్నరకు అచ్యుతాపురం కంపెనీ బస్సు వచ్చి ఐదు నిమిషాలు ఆగుతుంది. ముప్ఫైమంది దిగి, కొందరు నిలబడి తింటారు, కొందరు పొట్లం కట్టించుకుంటారు. తర్వాత ఆ వీధిలో కాకులు తప్ప ఎవరూ రారు.

మా ఆయన జయప్రకాశ్ చనిపోయిన ఏడాది అది. ఒక్కదాని కోసం టీ పెట్టుకోబుద్ధి కాక, పొద్దున్నే వెళ్ళి వదిన బండి దగ్గర కూర్చునేదాన్ని. ఎలా ఉన్నావని ఆమె అడిగేది కాదు. చట్నీ గిన్నె చేతికిచ్చేది.

చిల్లర దగ్గర తంటా మొదలైంది. అందరూ పెద్ద నోట్లే ఇస్తారు. వదిన కొంగు ముడి విప్పి, నా పర్సు వెతికి, లోపల సత్తియ్య తలగడ కింద చూసి వచ్చేసరికి హారన్ మోగుతుంది. ఎదురుగా ఇడ్లీలే అమ్మే అప్పారావు తన బండికి క్యూఆర్ కోడు పెట్టుకున్నాడు. అక్కడ ఫోను చూపిస్తే పని అయిపోతోంది. ఆలస్యమైతే కంపెనీ గేటు దగ్గర తనకు చీవాట్లు పడుతున్నాయని డ్రైవరు త్రినాధరావు చెప్పేశాడు. వదిన కూడా ఆ కోడు పెట్టకపోతే, సోమవారం నుంచి బస్సు అప్పారావు బండి ముందే ఆపుతానన్నాడు.

గురువారం ఆ కోడులిచ్చే కంపెనీ నుంచి క్రాంతికుమార్ అనే కుర్రాడు వచ్చి, కాగితాలు చూసుకుని, ప్లాస్టిక్ తొడుగు వేసిన కోడు అట్ట ఇచ్చాడు. ఇస్తూ ఒక మాటన్నాడు: ఇకమీదట మీ వ్యాపారమంతా ఇదే చూసుకుంటుందమ్మా అని.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వ్యాపారం చూసుకునేది దేవుడే కదా. వదిన దానికి పటం అని పేరు పెట్టేసింది. పసుపు రాసింది. మూడు మూలల్లో మూడు పెద్ద నల్లగళ్ళు ఉన్నాయి. బొట్టు కోసమే గీసి ఇచ్చారని సంబరపడి, ఒక్కోదాని మీద రూపాయి కాసంత బొట్టు పెట్టింది. నాలుగో మూల గడి లేకపోతే, పాపం మర్చిపోయుంటారని సర్దుకుంది.

శుక్రవారం పొద్దున్న జాన్‌బాబు అనే వర్కరు ఫోను చూపించాడు. ఏమీ పలకలేదు. వంగి చూపించాడు, మోకాళ్ళ మీద కూర్చుని చూపించాడు. వెనకవాళ్ళూ అలాగే కూర్చున్నారు. అవతలి నుంచి అప్పారావు చూసి, "ఏటప్పా, ఇడ్లీ తినాలంటే ముందు మొక్కాలేటి?" అన్నాడు.

వదినకు అర్థమైపోయింది, అది అప్పారావు దిష్టేనని. శనివారం ఎండుమిరపకాయలు, ఉప్పు ఆ అట్ట చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. బస్సు బస్సంతా దగ్గింది. విరుగుడు సరిపోలేదని మధ్యలో ఇంకో పెద్ద బొట్టు పెట్టింది. దాంతో నలుపనేదే సరిగ్గా కనబడకుండా పోయింది. త్రినాధరావు కళ్ళు తుడుచుకుంటూ, సోమవారం ఆఖరు అని చెప్పి వెళ్ళాడు.

మధ్యాహ్నం కబురు పెడితే క్రాంతికుమార్ వచ్చాడు. అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఓపిగ్గా, ఆ మూడు గళ్ళూ దీనికి కళ్ళలాంటివమ్మా, మూసేస్తే ఫోను ఎలా గుర్తుపడుతుంది, తుడిచేయండి అన్నాడు.

"మూడు కళ్ళా?" వదిన చేతులు జోడించి నా వైపు తిరిగింది. "ఓలమ్మా లూర్దమ్మా, ఈయన శివుడే."

దేవుడు కాదు, మిషను లెక్క అని అతను నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. వ్యాపారం చూసుకుంటాడని చెప్పింది నువ్వే కదా అని వదిన అడిగింది. శివుడి బొట్టు తను తుడవదు, అతన్నీ తుడవనివ్వదు. కొత్తది రావడానికి పది రోజులు పడుతుందని చెప్పి అతను వెళ్ళిపోయాడు.

సోమవారానికి మధ్యలో ఒక్క ఆదివారమే ఉంది. మాకు బొట్టు పట్టింపు లేదు కాబట్టి నేను తుడుస్తానని తడిగుడ్డ తీసుకున్నాను. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వొద్దు. బొట్టు తుడిసే పని నీ సేత నాను సేయించను. బస్సు పోతే పోనీ."

నేను గుడ్డ పక్కన పెట్టేశాను. ఇద్దరం చట్నీ గిన్నె వైపు చూస్తూ నిలబడ్డాం.

అప్పుడు లోపలి నుంచి సత్తియ్య గొంతు వినబడింది. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ ఆయన. "శివుడైతే తుడవడమేటే? అభిసేకం సెయ్యి."

వదిన వెంటనే అట్టను స్టీలు పళ్ళెంలో పెట్టింది. ముందు టీ పాలు, తర్వాత చెంబుతో నీళ్ళు. ఎవరి చెయ్యీ తగల్లేదు. కుంకుమ ఎర్రటి దారంలా జారి పళ్ళెంలోకి దిగింది. ఒక కన్ను, రెండో కన్ను, మూడోది. శివుడి చూపు తెరుచుకుంటున్నట్టే వదిన కొంగు సర్దుకుంది. పసుపు మాత్రం పోలేదు. అట్టంతా పచ్చగా ఉండిపోయింది. మా ఇద్దరివీ మీటల ఫోన్లు, పలుకుతుందో లేదో చూసుకునే దారి లేదు. ఆదివారం నేను చర్చిలో ఇడ్లీ బండి కోసం ప్రార్థన చేశాను. ఫాదరుకు చెప్పలేదు.

సోమవారం బస్సు వచ్చి రెండు బండ్లకూ మధ్యలో ఆగింది. త్రినాధరావు ఇంజను ఆపలేదు. జాన్‌బాబు దిగి, అలవాటుగా మోకాళ్ళ మీద కూర్చోబోయాడు. సగం వంగేసరికే ఫోను కిచ్చుమంది.

"పడ్డాదమ్మా," అన్నాడు.

వదిన నమ్మలేదు. ఆమె ఫోనుకు మెసేజి వచ్చాక నా చేతికిచ్చింది. అయిదో తరగతి చదువుతో నేను అంకెలు కూడబలుక్కుని, అవును వదినా, వచ్చాయి అన్నాను. ముప్ఫైమంది నిలబడే ఫోన్లు చూపించి, తిని, పొట్లాలు పట్టుకుని బస్సెక్కేశారు. ఇంకా ఒక నిమిషం మిగిలింది.

ఎక్కినవాళ్ళందరూ డ్రైవరేడని కిటికీల్లోంచి కేకలు మొదలుపెట్టారు. త్రినాధరావు ఇంజను ఎప్పుడు ఆపేశాడో, ఎప్పుడు దిగాడో, బొట్టున్న కుర్చీలో కూర్చుని నాలుగో ఇడ్లీ తింటున్నాడు.