కోటయ్య పూలు, నా పుస్తకంలో ఖాళీ గడి

గత శుక్రవారం ఉదయం, నేనుండే బహ్రెయిన్‌లోనే, జింజ్‌లోని విల్లా నుంచి ఫోను వచ్చింది. తోటమాలి కోటయ్య ఇక లేడని, సామాను గది గుమ్మంలో స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడని, ఒక గాజు సీసా మూత ఇంకా ఆయన చేతిలోనే ఉందని ఆ ఇంటి డ్రైవరు చెప్పాడు. గుండె ఆగిందని ఆ తర్వాత వైద్యులు నిర్ధారించారు. నేను స్థాణువునయ్యాను. ముందురోజు సాయంత్రమే ఆయనతో మాట్లాడాను. గొంతులో అలసట లేదు, మాటలో తడబాటు లేదు. మరునాడు రమ్మన్నాడు, పుస్తకం మర్చిపోవద్దన్నాడు.

ఆ దుఃఖం వెంటే నాలో మరొక భావం తలెత్తింది. దానిని దాచడం నా స్వభావం కాదు. అది ఊరట. నెల క్రితం ఒక కాగితం వచ్చింది. అది రాకముందే మృత్యువు వచ్చి ఉంటే, కోటయ్య గంజాయి పండించాడన్న అనుమానం మీద విచారణలో ఉన్న మనిషిగా లోకం విడిచి ఉండేవాడు. అలా జరగలేదు. అయినా ఇక్కడి కొన్ని కార్మికుల క్యాంపుల్లోనూ, ఆయన సొంత ఊళ్ళోనూ “గంజాయి కేసు కోటయ్య పోయాడంట” అన్న మాట ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతోంది. ఆ మాటను మోస్తున్నవారిలో సగం మంది ఆయన చేతి ఎర్రటి పానీయం అడిగి మరీ తాగినవారు. వారి కోసం, వారి మీది ఆగ్రహంతో, జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో నా తప్పు ఉన్నచోట అదీ రాస్తాను.

కోటయ్య ప్రకాశం జిల్లావాడు. యౌవనమంతా పొగాకు ఆరబెట్టే బ్యారన్‌ల దగ్గర గడిపాడు. కర్రలకు కట్టి లోపల వేలాడదీసిన పచ్చి ఆకుకు ఎప్పుడు వేడి పెంచాలో, ఎప్పుడు గాలి వదలాలో వాసన పట్టి చెప్పేవాడట. బహ్రెయిన్‌కు వచ్చి తోటమాలి అయ్యాక పొగాకును వదిలాడు గాని, ఆ ఘ్రాణశక్తి ఆయనను వదలలేదు. ఆయనకు వీసా ఇచ్చిన యజమాని, ఇక్కడి మాటలో కఫీల్, ఎనభై దాటిన సౌమ్యుడు. ఇంటిల్లిపాదీ, మేమూ ఆయనను బాబా అనే పిలుస్తాం. నేను ఉత్తర తెలంగాణవాణ్ణి. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఉంటూ, తోటపని కాంట్రాక్టు సంస్థ ఒకదానిలో స్టోరు పుస్తకాలు రాస్తాను. ఎరువు బస్తా అప్పగించి సంతకం తీసుకోవడానికి తొమ్మిదేళ్ళ క్రితం ఆ విల్లాకు వెళ్ళాను. గోడవార ఎర్రటి కాడలు, ఐదు వేళ్ళలా చీలిన రంపపు అంచు ఆకులు కనిపించాయి. కళ్ళు చెమర్చాయి.

“పుంటికూర!” అన్నాను.

“గోంగూర,” అన్నాడాయన, నేనేదో పిల్లవాడిని దిద్దినట్టు.

“మా అవ్వ కాలం నుంచి పుంటికూరనే.”

“మీ అవ్వకి నమస్కారం అన్నా. మొక్క మాత్రం గోంగూరే.”

మా స్నేహం ఆ జగడంతో మొదలైంది. ప్రతి శుక్రవారం వెళ్ళేవాణ్ణి. బాబాకు ఆ మొక్క పువ్వులతో కాచే పానీయమంటే ప్రాణం. అరబ్బులు దానిని కర్కదే అంటారు. నిజానికి వాడేది పూరేకులు కావు. పువ్వు రాలాక కాయ చుట్టూ కండపట్టి మిగిలే ఎర్రని, పుల్లని తొడుగు. మేము దానినే పువ్వు అనేవాళ్ళం. నాకు రాసే అలవాటు ఉంది గనుక మొదటి ఏడాదే ఒక పుస్తకం తెరిచాను: విత్తిన రోజు, తడి, ఎరువు, మొగ్గ, కోత, ఆరబెట్టడం. ప్రతి పుట పైన మొక్క పేరుకు ఒక గడి గీశాను. ఆయన గోంగూర అని రాయమన్నాడు, నేను పుంటికూర అని రాస్తానన్నాను. ఇద్దరమూ తగ్గలేదు. గడి ఖాళీగా ఉండిపోయింది. ఏటా కొత్త పుస్తకం, ఏటా అదే జగడం, ఏటా అదే ఖాళీ. మాకది వినోదం.

ఆ తొలి ఏడాది మొక్కలు ఏపుగా ఎదిగాయి, చలికాలం ప్రవేశించింది, మొగ్గ మాత్రం లేదు. ఎరువు తక్కువని ఒకరు, నీళ్ళలో ఉప్పు ఎక్కువని ఒకరు అన్నారు. నీళ్ళ ట్యాంకు వెనుక ఎవరూ పట్టించుకోని నాలుగు మొక్కలు మాత్రం పూశాయని నా పుస్తకంలో ఉంది. కోటయ్య ఆ పుట మళ్ళీ చదివించుకుని, వెళ్ళి ట్యాంకు వెనుక నిలబడి పైకి చూశాడు. పక్కింటి గోడ మీది పెద్ద లైటు వెలుగు అక్కడికి రాదు.

“చీకటన్నా! దీనికి చీకటి చాల్లేదు. తెల్లార్లూ లైటు కింద నిలబడితే ఇంకా ఎండాకాలమే అనుకుంటంది పిచ్చిది.”

ఆనాటి నుంచి పొద్దు గుంకే వేళ మగ్రిబ్ నమాజు బాంగు వినిపించగానే మొక్కల మీద నల్లగుడ్డ కప్పేవాడు. పొద్దు పొడిచాక తీసేవాడు. మూడు వారాలకు మొగ్గ తొడిగింది. “నీ పుస్తకం చెప్పింది, నేను విన్నా. అంతే,” అన్నాడు. తన ప్రజ్ఞలో సగం ఎదుటివారికి పంచి ఇవ్వడం ఆయనకు సహజగుణం.

కోతలోనూ ఆయనకొక శాస్త్రం ఉండేది. మొక్కనంతా ఒక్కసారి దులపడం ఆయన దృష్టిలో దౌర్జన్యం. కింది కొమ్మలు ముందు పండుతాయి, పైవి వేచి ఉండాలి. పువ్వు రాలిన రోజు నుంచి సుమారు మూడు వారాలు, తొడుగు నిగనిగలాడుతూ లోపలి కాయ ఇంకా పచ్చగా ఉన్నప్పుడు, మంచు ఆరిన తరువాతే కత్తెర పెట్టేవాడు. సన్నని ఇనుప గొట్టంతో అడుగు నుంచి పొడిచి కాయను బయటికి తోసేవాడు. తొడుగు చిరగకుండా గిన్నెలా మిగిలేది. “రోజు తప్పితే నార తేలిద్ది. లెక్క నీది, చెయ్యి నాది,” అనేవాడు.

నేను ఆయన కోపం చూసింది ఒక్కసారే. ఆయన జ్వరంతో పడుకున్న వారంలో, సాయం చేద్దామని పువ్వులన్నీ డాబా మీద ఎండలో పరిచాను. సాయంత్రానికి అవి ఇటుకపొడి రంగుకు తిరిగాయి.

“ఎవరన్నా నిన్ను ఎండేయమంది? చిత్రగుప్తుడివి, రాసుకోక!”

“ఎండలో వెయ్యక ఏసీల పెట్టాల్నా?”

“ఆ! అదే చెయ్యాల్సింది!”

అదే చేసేవాడు. చీకటిగా ఉండే సామాను గదిలో జాలీల మీద పలుచగా పరిచి, ఏసీ గాలి నేరుగా తగలకుండా దుప్పటి అడ్డుకట్టి, రోజుకు రెండుసార్లు తిప్పేవాడు. ఈ ద్వీపపు తేమగాలిలో తొందరపడితే రంగు పోతుంది, ఆలస్యమైతే బూజు పడుతుంది. వంచిన తొడిమ పుటుక్కున విరిగిన నాడు గాజు సీసాల్లో మూడు వంతులు నింపి మూత పెట్టేవాడు. అక్కడితో అయిపోలేదు. రెండు వారాల పాటు రోజూ మూత తీసి, వాసన చూసి, కొద్దిసేపు ఉంచి, మళ్ళీ బిగించేవాడు. పచ్చివాసన క్రమంగా తగ్గి, నానిన చింతపండు, ఎండు ద్రాక్ష కలిసినట్టుండే పరిమళం పుట్టేది. “లోపల చెమ్మ మెల్లిగా బయటికొస్తది. దాన్ని రోజూ కాసేపు ఊపిరి పీల్చుకోనియ్యాల. బ్యారన్‌లో నేర్చుకుంది ఇదొక్కటే అన్నా, మిగతాదంతా దగ్గే,” అని నవ్వేవాడు.

ఈ పద్ధతే ఆయనకు ఆపద తెచ్చింది. గత చలికాలం పొరుగు విల్లాలో ఎవరో కొత్తగా దిగారు. వారు గోడ మీదుగా చూసినదేమిటి? ఐదు వేళ్ళ ఆకు. పొద్దు గుంకగానే మొక్కల మీద నల్లగుడ్డ. చీకటి గదిలో ఆరబెట్టిన పువ్వు. సీసా మూత తీసి కళ్ళు మూసుకుని వాసన పీల్చే మనిషి. ఫిర్యాదు వెళ్ళింది. అధికారులు వచ్చి కొన్ని మొక్కలూ కొన్ని సీసాలూ పరీక్షకు తీసుకుని, గదికి సీలు వేసి, కోటయ్యను వెంట తీసుకువెళ్ళారు.

వార్త తెలియగానే నేను తొమ్మిది పుస్తకాలనూ సంచిలో వేసుకుని టాక్సీలో బయలుదేరాను. నా పుస్తకాలే ఆయన సాక్షులని నా ధీమా. బాబా అప్పటికే చేతికర్ర పట్టుకుని అక్కడ కూర్చుని ఉన్నారు. అధికారి మర్యాదస్తుడు, హిందీ తెలిసినవాడు. నన్ను పుట పుటా చదివి చెప్పమన్నాడు. చీకటి ఎన్ని గంటలు, కోత ఏ రోజు, నీడలో ఎన్నాళ్ళు, సీసాలో ఎన్నాళ్ళు: నేను సగర్వంగా చదువుతూ పోయాను. ఆయన కలం ఆగిపోయింది. నల్లగుడ్డ వేసి చీకటి ఇచ్చి పూయించడం, పక్వం చూసి కోయడం, నీడలో మెల్లగా ఆరబెట్టి, సీసాలో పెట్టి రోజూ మూత తీయడం, గంజాయి పువ్వును మత్తు కోసం పండించేవారు చేసేదీ అచ్చంగా ఇదేనని ఆయన చెప్పాడు. అరవై ఆరేళ్ళు వచ్చినా నాకా సంగతి తెలియదు. తరువాత ఆయన పుట పైభాగాన వేలు పెట్టి అడిగాడు: “నామ్ కహాఁ హై?”

పేరు ఎక్కడ?

తొమ్మిది పుస్తకాలు తిరగేశాం. ప్రతి పుటలోనూ పేరు గడి ఖాళీ. కావాలని దాచినట్టుందని ఆయన అన్నాడు. ఆ మాటలో అన్యాయం లేదు. ఇద్దరు ముసలివాళ్ళు ఒక కూరాకు పేరు మీద పంతానికి పోయి గడి నింపలేదని చెబితే ఏ అధికారి నమ్ముతాడు? అయినా చెప్పాను. నా స్వరం నాకే దొంగ స్వరంలా వినిపించింది. కోటయ్య తల దించుకుని కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

అప్పుడు బాబా లేచారు. అరబ్బీ కలిసిన హిందీలో అన్నారు: “తొమ్మిదేళ్ళుగా రోజుకు రెండు గ్లాసులు తాగుతున్నాను. ఇది నేరమైతే పెద్ద నేరస్తుణ్ణి నేను. నన్ను కూడా రాసుకో, ఖలాస్.” అధికారి ముఖాన చిరునవ్వు మెరిసింది గాని, ప్రయోగశాల ఫలితం వచ్చేదాకా ఏమీ తేలదన్నాడు. బాబా పూచీ మీద కోటయ్యను ఇంటికి పంపారు. ఊరు దాటరాదని షరతు.

ఆ తరువాతి రోజులు నేను మర్చిపోలేను. శుక్రవారాలు ఆ గుమ్మంలో చెప్పులు పెట్టడానికి చోటు లేనంతగా ఆ పానీయం కోసం వచ్చే తెలుగువాళ్ళు ఒక్కరూ రాలేదు. ఫోను ఎత్తలేదు. ఒక పెద్దమనిషి కోటయ్య తనకిచ్చిన పువ్వుల సీసాను కవరులో చుట్టి గేటు దగ్గర వదిలి వెళ్ళాడు. పేరు రాయను, చదువుతున్నప్పుడు ఆయనకు తెలుస్తుంది. పుకారు సముద్రం దాటింది. కోటయ్య భార్య జయమ్మ ఫోను చేసింది. ఆయన స్పీకరులో పెట్టాడు.

“ఊళ్ళో ఏందేందో అంటన్నారు. నువ్వు చేశావా?”

“గోంగూర జయా. నీ చేత్తో ఇచ్చిన ఇత్తనాలే.”

“మరి గోంగూరని చెప్పొచ్చుగా ఆళ్ళకి!”

“చెప్పా. కాయితం మీద లేదంట.”

“నేను చచ్చినా పర్లేదు గానీ, గంజాయోడి పెళ్ళాం అనిపించుకోలేనయ్యా,” అంది. ఆయన ఫోను పెట్టేసి, మొదటిసారిగా నాతో భయం చెప్పుకున్నాడు: “జైలుకి భయంలేదన్నా. ఇది తేలకముందే నేను పోతే, దానికి ఆ పేరే మిగిలిద్ది.”

నలభై ఏళ్ళు ఒక్క గడి తప్పకుండా నింపినవాణ్ణి, ఒక మనిషి మానం ఆధారపడిన గడిని పంతం కోసం వదిలేశాను.

పన్నెండో రోజున ఫలితం వచ్చింది. ఆహారంగా వాడే మొక్క, మత్తు పదార్థం ఏదీ లేదు, కేసు లేదు. అధికారి స్వయంగా విల్లాకు వచ్చి సీలు తీసి, సీసాలు తిరిగి ఇచ్చి, కోటయ్య చేయి పట్టుకుని క్షమించమన్నాడు. బాబా గట్టిగా “యల్లా, కర్కదే!” అని త్వరగా తెమ్మన్నారు. ఆ అధికారే మొదటి గ్లాసు తాగాడు. కోటయ్య ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసి జయమ్మకు పంపి, స్టూలు మీద కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తరువాత నేను క్షమాపణ మొదలుపెట్టబోతే ఆపేశాడు.

“పుస్తకం తియ్యి. ఇప్పుడన్నా రాయి పేరు.”

గోంగూర అని రాశాను. చదివించుకున్నాడు. “పక్కన పుంటికూర అని గూడా రాయన్నా. మీ అవ్వ పైనించి చూస్తంటది.”

ట్యాంకు వెనుక మిగిలిన మొక్కల నుంచి ఆఖరి కోత కోసి, ఆరబెట్టి, సీసాకెత్తాడు. ఆ సీసా మూతే గత శుక్రవారం ఆయన చేతిలో ఉన్నది. అప్పటికి పదో రోజు.

ముహర్రక్ విమానాశ్రయం నుంచి ఆయన దేహం స్వదేశానికి వెళ్ళింది. బాబా సంతకంతో ఆ కాగితం నకలు వెంట పంపాం. ఊరి జనం నడుమ దానిని పెద్దగా చదివించిన తరువాతే జయమ్మ అంత్యక్రియలు జరగనిచ్చిందట. ఆ మాట విన్నప్పుడు నా గుండె మీది బరువు దిగింది. కోటయ్య భయపడినది జరగలేదు.

మిగిలిన నాలుగు రోజులూ ఉదయం జింజ్ వెళ్ళి, ఆ స్టూలు మీద కూర్చుని, సీసా మూత నేను తీశాను. నా ముక్కుకు ఏమీ తెలియదు. లెక్క ప్రకారం తీశాను, లెక్క ప్రకారం మూశాను. నిన్నటితో రెండు వారాలు నిండాయి. బాబా గ్లాసు చేతిలోకి తీసుకుని, ఒక గుక్క తాగి, చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

ఆ నాసిక మళ్ళీ పుట్టదు. ఆ మహామనస్వికి నేను చేయగల అర్చన ఒక్కటే. తొమ్మిది పుస్తకాలనూ మొదటి పుట నుంచి తెరిచి, ప్రతి గడిలోనూ సిరాతో పేరు రాస్తున్నాను. ఆయన మాటే ముందు, నా మాట పక్కన: గోంగూర, పుంటికూర. పండించినవాడు, కోటయ్య.