కురుమయ్య లేని తీర్మానం

కులమంతా ఔనన్నదానికి కాదనకపోతే కురుమయ్యకు ముద్ద దిగదు. రాజోలి పక్కనున్న ఆ ఊళ్లో నలుగురు కూచుని ఏది అనుకున్నా, చివర అతని గొంతు లేచేది: "నేను లేను!"

పండుగకు మేకను కొడదామంటే గొర్రె అనేవాడు. సరే, గొర్రె అంటే కూరే మానేశానని లేచిపోయేవాడు. ఒక ఏడు వానల్లేక, వానమొక్కుగా వరదపాశమనే బెల్లం పాయసం వండి బండమీద పోసి అందరూ నాకాలన్నారు. "బండ మీది, నాలుక నాది. నేను లేను!" అన్నాడు. ఆ సాయంత్రమే వాన దంచింది.

"నీ చేను గూడ తడిసెగదనే అన్నా?" అన్నాడు వరసకు తమ్ముడయ్యే నర్సింహులు.

"నన్నడిగి తడిసిందా?"

మొదట్లో దండుగ వేశారు. దండుగకూ ఒప్పుకోలేదు. చివరికి పెద్దలే విసిగి, "కురుమయ్యను ఇడిసిపెట్టి తక్కినోళ్లు చెప్పుండ్రి" అనడం మొదలుపెట్టారు.

నర్సింహులు అలా కాదు. నలుగురి మాటే అతని మాట. యుద్ధం మూలాన అగ్గిపెట్టెలు దొరకని ఏడు, మంత్రసాని సాయమ్మ కిరస్తానీల ఇంట పురుడు పోసి అక్కడే అన్నం తిన్నదని కులం ఆమెకు నిప్పు బంద్ చేసింది. ఏ పొయ్యిలోని నిప్పూ ఆమె గడప తొక్కరాదు. నర్సింహులు భార్య జంగమ్మ కడుపులో కొడుకు అడ్డం తిరిగితే రెండు దినాలు కూచుని తల్లినీ బిడ్డనూ బతికించింది ఆ సాయమ్మే. అయినా అందరితోపాటు అతని చెయ్యీ లేచింది.

"నేను లేను," అన్నాడు కురుమయ్య, ఆవలిస్తూ. అందరూ నవ్వారు. నర్సింహులు ఇంకాస్త గట్టిగా నవ్వాడు.

మూడోనాటి పొద్దున కురుమయ్య పిడకమీద నిప్పు పెట్టుకుని నడివీధిలో సాయమ్మ గుడిసెకు పోతున్నాడు. నర్సింహులు పరుగున ఎదురొచ్చాడు.

"ఎవలన్న జూస్తరే అన్నా!"

"జూడనీ. ఒక్కపారి కాదంటే దండుగేస్తరు తమ్మీ. దినాం కాదంటే పిచ్చోడని ఇడిసిపెడ్తరు. గీ తొవ్వల నడిచేటందుకు పదేండ్ల సంది కూర ఇడిసిన. మేక కూరంటే నాకు పాణం, తెల్సా?"

"గంత కష్టమెందుకు? కులం ఇడిసి ఏరే పోరాదు?"

"పోతే నిప్పు ఎవల పొయ్యిలకెల్లి తెద్దును? ఇది మీ ఇంటిదే. మీ జంగమ్మ ఇచ్చింది."

నర్సింహులు పిడక లాక్కున్నాడు. చెయ్యి చుర్రుమన్నా వదల్లేదు. గుడిసె ముందరి పొయ్యిమీద సాయమ్మ జొన్న అంబలి ఉడికేదాకా ఊదుతూ కూచున్నాడు. నీళ్లకు పోయే ఆడవాళ్లంతా ఆగి ఆగి చూశారు. సాయమ్మ గిన్నె చేతికిచ్చింది. వాకిట్లోనే తాగాడు, తల వంచుకుని.

"తలకాయ లేపి తాగు నాయినా," అన్నది సాయమ్మ. "మీసాలే సగం తాగుతున్నయి."