ఆకెఫ్ రహస్య వాక్యం

మా అమ్మాన్ నగరంలో, జబల్ హుసైన్ మెట్ల వీధిలో, ఆకెఫ్ అని ఒక ఇంజనీరు ఉన్నాడండీ. కొడుకు పేరుమీద అందరూ అబూ సనద్, అంటే సనద్ తండ్రి, అని పిలుస్తారు. ఆయన పనేమిటో అర్థం చేసుకోవడానికి నాకు బోలెడు టీ ఖర్చయింది. మందుల దుకాణాల్లో బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళ కంపెనీది. కొత్త ప్యాకేజీ తయారైనప్పుడల్లా దానిమీద కంపెనీ డిజిటల్ సంతకం పడాలి. సంతకం లేనిదాన్ని దుకాణాల కంప్యూటర్లు గడప తొక్కనివ్వవు. ఆ సంతకం చేసే తాళంచెవి, ప్యాకేజీలు తయారయ్యే సర్వరులోనే గూఢలిపిలో దాక్కుని ఉంటుంది. ఒక రహస్య వాక్యం టైపు చేస్తేనే విచ్చుకుంటుంది. ఆ వాక్యం ఆకెఫ్ ఒక్కడికే తెలుసు.

ఇక చూసుకోండి ఆయన దర్జా! తలగుడ్డ విప్పి కీబోర్డు మీద గుడారంలా కప్పి, అందులో తల దూర్చి టైపు చేసేవాడు. బయటికొచ్చి, కష్టమైన కాన్పు చేసిన డాక్టరులా చెమట తుడుచుకునేవాడు.

యజమాని మమ్దూహ్‌కి ఈ తతంగం చూసి ఒళ్ళు మండింది.

"ఆ వాక్యమేదో సర్వరులోనే రాసి పడెయ్యవయ్యా, అబూ సనద్! సంతకం అదే పెట్టుకుంటుంది. నువ్వు హాయిగా సిగరెట్టు కాల్చుకో."

"తాళం వేసి చెవి తలుపుకే తగిలించమంటావా?"

"నీకు చాదస్తం ముదిరింది."

అంతే. ఆకెఫ్ అలిగి, ఫోను ఆపేసి ఇంట్లో కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే దుకాణాల్లో బిల్లులు గాడి తప్పాయి. దగ్గుమందు కొన్నవాడి చేతిలో గుండె మందుల బిల్లు! సరిచేసిన ప్యాకేజీ సిద్ధంగానే ఉంది. సంతకమే లేదు.

మా దగ్గర అలిగినవాణ్ణి దారికి తేవాలంటే పెద్దమనుషుల్ని పోగేసుకుని ఇంటిమీదికి వెళ్ళాల్సిందే. మమ్దూహ్ ముప్ఫైమందిని తెచ్చాడు. లెక్కకోసం నన్నూ లాక్కెళ్ళారు. అందరికీ ముందు షేక్ మిథ్ఖాల్. పెళ్ళి సంబంధాలకీ, రక్తపు తగాదాలకీ తప్ప కదలని మనిషాయన. కాఫీ రాగానే ఆయన కప్పు కింద పెట్టేశాడు. మేమూ పెట్టేశాం. అడిగింది ఇచ్చేదాకా తాగేది లేదని అర్థం. తాగకుండా లేచిపోతే ఆకెఫ్ ఇక వీధిలో తలెత్తుకోలేడు.

"అబూ సనద్! మంచి వంశంలో పుట్టిన నీ..." షేక్ మమ్దూహ్ వైపు వంగాడు. "అమ్మాయి పేరేమిటన్నావ్?"

"అమ్మాయి కాదు షేక్, వాక్యం."

"ఆ, నీ వాక్యాన్ని మావాడికి ఇమ్మని అడగడానికొచ్చాం."

ఆకెఫ్ మొహం సున్నం కొట్టినట్టయింది. లోపలికి పరిగెత్తాడు. పరదా వెనక అతనూ భార్య ఇతాఫ్ గుసగుసలాడుకోవడం మా అందరికీ శుభ్రంగా వినిపించింది.

"చెప్పెయ్యవయ్యా, కాఫీ చల్లారిపోతోంది."

"ఎలా చెప్పనే? అది మమ్దూహ్ మీదే! ఖర్చు దండగని ఆఫీసులో ఏసీ ఆపించిన రోజు అల్లాను."

"అయితే వినాల్సినవాడే వింటాడు. వెళ్ళు."

బయటికొచ్చి, "తాగండి. అడిగింది ఇచ్చాను," అన్నాడు ఆకెఫ్. అందరం గుటుక్కుమనిపించాం. మమ్దూహ్ కలం తీశాడు.

ఆకెఫ్ కళ్ళు మూసుకున్నాడు. "మమ్దూహ్ ఇంటి ఈగ కూడా పక్కింట్లో భోంచేసి వస్తుంది."

మమ్దూహ్ రాయడం మొదలుపెట్టాడు.

"గట్టిగా చెప్పు నాయనా, నాకీ చెవి పనిచెయ్యదు," అన్నాడు షేక్.

పాపం, మళ్ళీ చెప్పాడు. షేక్ నవ్విన నవ్వుకి తలగుడ్డ మీది నల్లతాడు జారి ఒళ్ళో పడింది. మమ్దూహ్ మాత్రం ఎర్రటి మొహంతో రాసుకుంటూనే ఉన్నాడు.

"టైపు చేసేటప్పుడు 'ఈగ' తర్వాత స్పేస్ ఉందా?"

"ఉంది."

సాయంత్రానికల్లా మంగలి షాపులో కూడా అదే వాక్యం. ఇక సర్వరులోకి దూరగలిగిన ఏ వెధవైనా కంపెనీ పేరుతో సంతకం పెట్టెయ్యొచ్చు! మమ్దూహే కారు వేసుకుని ఆకెఫ్ గుమ్మంలో దిగాడు.

"ఎక్కు బాబూ. ముందు సంతకం పెట్టు, తర్వాత ఆ వాక్యం మార్చెయ్. ఇకమీదట అది నీ దగ్గరే ఉండనీ, నాకు చెప్పకు."

ఆఫీసులో ఆకెఫ్ గొంతు సవరించుకుని, అందరినీ గోడవైపు తిరగమన్నాడు. మొట్టమొదట తిరిగింది యజమానే. కాసేపు టకటకలు వినిపించాయి.

"అబూ సనద్... ఇదీ నామీదేనా?"

"చెబితే మళ్ళీ మార్చాలి."