చెంపదెబ్బల మాస్టారు

చాలా ఏళ్లకు టీవీ కామెడీ షోకి తిరిగొచ్చిన మాస్టారు, పాత అలవాటు కొద్దీ ముందు మేకప్ అద్దానికి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత పళ్లసెట్టు తీసి, కడిగి, మళ్లీ బిగించుకున్నాడు. ఒకప్పుడు ఆయన స్కిట్ అంటే చెంపదెబ్బే. కొట్టేవాడు ఉత్తినే చెయ్యి విసరాలి, తినేవాడు చాటుగా చేతులు చరిచి శబ్దం చెయ్యాలి. ఆ పనిలో పద్ధతి అది. మాస్టారు మాత్రం నిజంగానే కొట్టేవాడు. తినేది ఎప్పుడూ శిష్యుడే. చెవి గింగురుమని, లైట్లకు కళ్లు బైర్లు కమ్మి వాడు బిక్కమొహం వేస్తే, "జనం నవ్వలేదురా, ఇంకోసారి," అని మాస్టారు గొణిగేవాడు. వాడు నమ్మేవాడు.

ఇప్పుడు షో ఆ శిష్యుడిది.

"ఈసారి మీరు తినాలి గురువుగారూ. చేతులు చరచండి, చాలు," అన్నాడు వినయంగా.

స్టేజి మీద శిష్యుడు చెయ్యి విసిరాడు. మాస్టారి వంకరపోయిన వేళ్లు ఆలస్యంగా కలిశాయి. హాల్లో ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం ఆయన భరించలేకపోయాడు.

"నిజంగా కొట్టరా," అన్నాడు పళ్లు బిగించి.

శిష్యుడు కొట్టాడు. పళ్లసెట్టు ఎగిరి కింద పడింది. హాలంతా గొల్లున నవ్వింది. మాస్టారి చెవిలో హోరు తప్ప ఇంకేమీ లేదు; లైట్ల వెనక అంతా చీకటి.

"నవ్వారా?" అన్నాడు, బోసినోటిని చేత్తో మూసుకుని.

శిష్యుడు ఆ నవ్వులు తగ్గేదాకా ఆగలేదు.

"లేదు గురువుగారూ. ఇంకోసారి."

మాస్టారు నోటి మీంచి చెయ్యి తీసి, రెండో చెంప చూపించాడు.