క్లిఫర్డ్ ఇంటి జల్లు

నోరిస్ హెప్‌వర్త్‌కి ఉన్నది ఒకే ఒక్క జబ్బు, అసూయ. పక్కింటి క్లిఫర్డ్‌కి ఏది ఉంటే దానిమీద ఆయనకి కన్ను కుట్టేది. టాడ్‌మార్డెన్ ఊళ్లో గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు కావడంతో ఆ జబ్బు తగ్గే దారి కూడా లేదు. క్లిఫర్డ్ తలుపుకి ఆకుపచ్చ రంగేస్తే, వారం తిరక్కుండా నోరిస్ తలుపుకి అంతకన్నా పచ్చ రంగు పడేది. క్లిఫర్డ్ పెంచిన ఉల్లికాడలకి ఊరి పోటీలో బహుమతి వచ్చిన రోజున ఈయన టీ కూడా ముట్టలేదు.

"క్లిఫర్డ్‌కి జలుబు చేసిందట. నీకూ కావాలా?" అని భార్య డిలిస్ ఓసారి దెప్పింది.

"ఎలాంటి జలుబు?" అన్నాడాయన.

ఆ చలికాలం డిలిస్ కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి చెవి దాటి లేవదు. ఆ వీధిలో అందరికీ ఉన్నట్టే వాళ్ల స్నానాల తొట్టికీ వేడికొకటి, చల్లకొకటి కుళాయిలు. జగ్గులో కలుపుకుని తలమీద పోసుకోవాలి. నోరిస్ పోస్తానంటే "నేనేమన్నా మంచాన పడ్డానా?" అని తలుపేసుకుంది. తొట్టిలో వేసుకోమని కూతురు పీట తెచ్చిస్తే దానిమీద పూలకుండీ పెట్టింది. తల మాసి అట్టకట్టింది. ఇంట్లో కూడా ఊలు టోపీతోనే తిరుగుతోంది. ఆ మాట ఎవరెత్తినా ఇల్లెగిరిపోయేది.

ఒక శనివారం నోరిస్ సంచి భుజాన వేసుకుని పళ్లు నూరుతూ వచ్చాడు.

"క్లిఫర్డ్ కొత్త కుళాయి పెట్టించాడు. వేడీ చల్లా ఒక్కదాంట్లోనే. దానికో గొట్టం, గొట్టం చివర జల్లు. దొరబాబులా స్నానాలు చేస్తున్నాడు."

"చెయ్యనీ. నీకెందుకూ?"

"వాడికుండి నాకు లేకపోవడమా?"

సంచిలోంచి అలాంటి కుళాయే తీసి, నీళ్లు కట్టేసి, తొట్టి కిందికి వెల్లకిలా దూరాడు. బయటికి కాళ్లే కనిపిస్తున్నాయి. పాత నట్లు తుప్పుపట్టి కదల్లేదు. ఒక్కో నట్టుకీ క్లిఫర్డ్‌నే తిట్టాడు. కుళాయి తిరిగిపోకుండా పైనుంచి డిలిస్ ఎడంచేత్తో పట్టుకుంది. సాయంత్రానికి పని పూర్తయింది.

"కుళాయి విప్పు," అన్నాడు తొట్టిలో నిలబడి.

వేడినీళ్లు అటకమీది ట్యాంకు నుంచి తీరిగ్గా దిగుతాయి. చన్నీళ్లు వీధి గొట్టం నుంచి ఉరుకుతాయి. రెండూ ఒక్క కుళాయిలో పడేసరికి, చన్నీళ్లు వేడినీళ్లని మెడపట్టి వెనక్కి గెంటాయి. నోరిస్ గావుకేక పెట్టాడు.

"మరి క్లిఫర్డ్‌కి వేడిగా ఎలా వస్తున్నాయి? అడిగొస్తానుండు," అంది డిలిస్.

"వద్దు. వాణ్ణి అడగడం కన్నా ఇలా గడ్డకట్టుకుపోవడం నయం."

"నువ్వడక్కు. నేనడుగుతా."

నోరిస్ మొహం పాలిపోయింది. అదీ ఓర్వలేనితనమే అనుకుంది ఆమె.

పక్కింట్లో క్లిఫర్డ్ తెల్లమొహం వేశాడు. "జల్లేవిటి? మాకు ఎప్పుడూ ఉన్న రెండు కుళాయిలేగా."

ఆయన భార్య ఎనిడ్ బల్లకింద కాలితో తన్నింది. "చెప్పొద్దన్నాడు కదయ్యా, మతిమరుపు మనిషీ."

"ఎవరు?" అంది డిలిస్.

"ఇంకెవరు, మీ ఆయనే. నీకోసమంటే నువ్వు ముట్టవట. అందుకని మాకున్నట్టు చెప్తాను, కాదనకండి అన్నాడు."

"నన్ను 'దయచేసి' అని కూడా అన్నాడు," అన్నాడు క్లిఫర్డ్. "ఆ మాట పైకి రావడానికి వాడికి ప్రాణం పోయినంత పనైంది."

డిలిస్ చన్నీళ్ల గొడవ చెప్పింది. క్లిఫర్డ్ తన షెడ్డులో వెతికి, చన్నీళ్ల జోరు తగ్గించే చిన్న వాల్వు ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

నోరిస్ దాన్ని బిగించాడు. ఆమె మొహంలోకి చూడలేదు. ఈసారి నీళ్లు గోరువెచ్చగా వచ్చాయి. డిలిస్ టోపీ తీసి లోపలికి వెళ్లి, ఎడంచేత్తో గొట్టం పట్టుకుని తనివితీరా తలంటుకుంది.

తలుపవతల నోరిస్ అటూ ఇటూ తచ్చాడాడు. ఉండబట్టలేకపోయాడు.

"క్లిఫర్డ్ జల్లు చూశావా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"నీళ్లు దారమంత సన్నగా వస్తున్నాయి. మనదాని కాలిగోటికి చాలదు."

తలుపవతల అడుగుల చప్పుడు ఆగింది.

"పాపం, క్లిఫర్డ్," అన్నాడు నోరిస్.